తాళపుచెవి ఎవరి చేత?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమున పుస్తకముల బీరువాకు తాళముండును. గ్రంథపాలకుడు లేని సాయంకాలమున పాఠకుడు వచ్చినచో వచ్చు నష్టము స్వల్పము. ఆ పుస్తకమును మరునాడు తీసికొని చదువుకొనవచ్చును. ఆసుపత్రిలో మందుల బీరువాకును తాళముండును. అచ్చట ఫార్మసిస్టు లేని రాత్రి పాముకాటు తిన్నవానిని మంచముపై మోసికొని వచ్చినచో, ఆతడు మరునాటి వరకు ఆగలేడు. రెండు బీరువాలకును తాళ మొక్కటే, చిట్టా యొక్కటే, వస్తువు కనబడనప్పుడు పుట్టు మాటలును ఒక్కటే. కాలమొక్కటి వేరు. ఈ ప్రసంగము ఆ రెండవ బీరువాను గూర్చినది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రము మైదాన ప్రాంతమున 30,000 జనమునకు ఒకటి, కొండ ప్రాంతములందును గిరిజన ప్రాంతములందును 20,000 జనమునకు ఒకటి చొప్పున ఉండవలెనని ప్రభుత్వ ప్రమాణము. అట్టి కేంద్రమునకు సాధారణముగా ఫార్మసిస్టు ఒక్కరే. ఆ ఒక్కరును దినమునకు ఏడు గంటల చొప్పున వారమునకు ఆరు దినములు తప్పక వచ్చుచున్నారనుకొన్నను, లెక్కకు వచ్చునవి 42 గంటలు. వారమునందున్న గంటలు 168. మిగిలిన 126 గంటలును మందుల గదికి దిక్కైనవారు వేరొకరు. సెలవు దినములు, మందులు తెచ్చుటకు జిల్లా కేంద్రమునకు పోవు దినములు, ఒకరు బదిలీయై వేరొకరు రాని నెలలు ఈ లెక్కలో చేరలేదు. కావున ఫార్మసిస్టు లేకపోవుట ఎప్పుడో వచ్చు అవస్థ కాదు. గంటలను బట్టి చూచినచో అదియే నిత్యము, ఉండుటయే నైమిత్తికము. అయినను మందుల గది ఏర్పాటులన్నియు ఆ 42 గంటలను దృష్టిలో నుంచుకొనియే చేయబడుచుండును.

ఇప్పటి ఫార్మసిస్టును పూర్వులు కాంపౌండరని పిలిచెడివారు. రంగునీళ్ల మందు సీసాలో పోసి, గాట్లు కత్తిరించిన కాగితపు పట్టీని సీసాకు అంటించి, పూటకొక గాటు చొప్పున త్రాగుమని చెప్పి పంపెడివారు. ఆ చేతికి ఇంత చదువు ఉండవలెనను నియమము దేశమంతటికిని ఒక్కరీతిగా లేని కాలమది. 1930-31లో కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన మందుల విచారణ సంఘము ఈ విషయమును పరిశీలించెను. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మహాదేవలాల్ ష్రాఫ్ ఔషధశాస్త్ర బోధనకు పునాది వేసెను. 1940లో మందుల చట్టము, 1945లో దాని నియమములు, 1948లో ఫార్మసీ చట్టము వచ్చినవి. ఈ కడపటి చట్టము 42వ విభాగమున, వైద్యుని చీటీపై మందు కలిపి గాని కట్టి గాని ఇచ్చు అధికారము రిజిస్టరైన ఫార్మసిస్టునకే కలదనియు, వైద్యుడు తన రోగికి తాను ఇచ్చుకొనవచ్చుననియు నిర్ణయించినది.

చట్టము వ్రాసినవారు పల్లెలను మరచినవారు కారు. 1945 నాటి నియమములకు చేర్చిన ‘కె’ షెడ్యూలు అనునది మినహాయింపుల పట్టిక. ప్రభుత్వ కార్యక్రమముల క్రింద ప్రాథమిక కేంద్రములలోను ఉపకేంద్రములలోను నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చు మందులకు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చు మందులకు అమ్మకపు లైసెన్సు అక్కరలేదని అందులో కలదు. ప్రభుత్వాసుపత్రులకును మినహాయింపు కలదు గాని, మందుల పంపిణీ అర్హతగల వ్యక్తి చేతిమీదుగా గాని ఆ వ్యక్తి పర్యవేక్షణలో గాని జరుగవలెననియు, మందులను తగినరీతిగా భద్రపరచవలెననియు దానితోడనే షరతు పెట్టినారు. ‘పర్యవేక్షణ’ అను ఆ ఒక్క మాటలో చిక్కంతయు ఉన్నది. ఇంటికి పోయి నిద్రించుచున్నవారు పర్యవేక్షించుట యెట్లు? దీనికి సమాధానము ఒక్కటే. పోవుటకు ముందే చేసి పోవలెను.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలసియున్నది. మందును కట్టి, వివరము చెప్పి ఇంటికి పంపుట ఒక పని. వైద్యుని ఆజ్ఞపై మంచము ప్రక్కన నిలిచి రోగికి సూది వేయుట, మాత్ర మ్రింగించుట వేరొక పని. మొదటిది ఫార్మసిస్టు విద్య. రెండవది నర్సు విద్య. రాత్రివేళ కావలసినది చాలవరకు రెండవదియే. ఈ భేదము తెలియకపోవుటచేత కొన్నిచోట్ల నర్సును మందుల గదినంతను అప్పగింప బలవంతపెట్టుదురు. మరికొన్నిచోట్ల ఆమెను బీరువా ఛాయకైనను రానీయరు.

ఇంతకును తాళమెందుకు అని అడుగువారు కలరు. ధర్మమునకు ఇచ్చు మందులను ఎవరు దొంగిలింతురని వారి వాదము. పల్లెల సంగతి తెలిసినవారు ఈ మాట అనరు. ప్రసవమైన స్త్రీకి రక్తస్రావము ఆగుటకు వేయు ఆక్సిటోసిను సూదిమందునే గేదెలకు పొడిచి పాలు చేపించువారు లేకపోలేదు. పాడిపశువులకు హాని చేయునట్టి ఈ సూదులు వేయరాదని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నను ఆ అలవాటు పూర్తిగా పోలేదు. తెలంగాణమున కల్లులో కలుపు పదార్థములలో డయజిపాము, ఆల్ప్రజోలాము అను నిద్రమందులున్నవి. ఆ కల్లు దొరకని నాడు వణకుచు, పలవరించుచు ఆసుపత్రికి వచ్చినవారిని వైద్యులు చూచియే యున్నారు. ట్రమడాలు అను నొప్పిమందునకు అలవాటు పడినవారు ఎక్కువగుటచేత 2018లో దానిని మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిరి. దొంగతనము మాట అటుంచినను, తెరచియుంచిన బీరువా వద్దకు పిల్లవాడు పోవచ్చును. తెలిసీతెలియని బంధువు ఒకడు, నర్సు ప్రసవపు గదిలో ఉన్న సమయమున, తానే ఒక పట్టీ తీసికొని పోవచ్చును. అతి జాగ్రత్తగా ఉంచవలసిన మందులకు ‘ఎక్స్’ అను షెడ్యూలున్నది. ఆ మందులను వాటికొరకే కేటాయించిన బీరువాలోనో సొరుగులోనో తాళమువేసి ఉంచవలెను, లేదా బాధ్యతగలవారు మాత్రమే పోగల వేరు భాగమున ఉంచవలెను అని దుకాణములకు పెట్టిన నియమము. దుకాణమునకు తగినది ఆసుపత్రికి తగకపోదు.

తాళము మంచిదే. అయితే తాళము చేయు అపకారమును గూర్చి చెప్పువారు తక్కువ.

వానకాలపు రాత్రి. నేలమీద చాప పరచుకొని పండుకొన్న పిల్లవాని నొకనిని కట్లపాము కరచినదనుకొందము. కట్లపాము కాటునకు మంట ఉండదు, వాపు ఉండదు. పిల్లవాడు కడుపునొప్పి యని లేచును. తల్లి వామునీళ్లు పట్టును. కొంతసేపటికి కనురెప్పలు వాలిపోవును, మాట ముద్దయగును. అప్పుడు బండి కట్టుదురో మోటారుసైకిలుపై మధ్యన కూర్చుండబెట్టుకొందురో, కేంద్రమునకు తెత్తురు. నర్సు మేలుకొనియే యున్నది, చూచి గుర్తించినది, వైద్యాధికారికి ఫోను చేసినది, ఆజ్ఞ వచ్చినది. మందు కూడ కలదు. కాని అది మందుల గదిలో ఉన్నది. గదికి తాళమున్నది. తాళపుచెవి పదునెనిమిది మైళ్ల దూరమున ఫార్మసిస్టు ఇంట గోడమేకునకు వ్రేలాడుచున్నది. ఆ ఇంటి తలుపు తట్టుటకు మనిషిని పంపుదురు. కొన్నిచోట్ల తాళము పగులగొట్టుదురు. పగులగొట్టిన నర్సు మరునాడు సంజాయిషీ వ్రాయవలసియుండును. పగులగొట్టని నర్సును ఎవరును ఏమియు అనరు, ఏలననగా ఆమె నియమమును పాటించినది. ఆ తరువాత ఆమెకు నిద్ర పట్టునా లేదా యన్నది ఏ చిట్టాలోను ఉండదు.

2000 మొదలు 2019 వరకు జరిగిన మరణములను పరిశీలించినవారు, భారతదేశమున ఏటేట సుమారు 58,000 మంది పాముకాటువలన చనిపోవుచున్నారని అంచనా వేసిరి. అందులో అధికభాగము పల్లెలలోనే. ఈ చావులన్నిటికిని తాళమే కారణమనుట అసత్యమగును. ఆలస్యముగా వచ్చువారు, మంత్రగానివద్దకు పోవువారు, దారి లేనివారు, మందే లేని కేంద్రములు, ఎన్నో కారణములు కలవు. అయినను, మందుండియు అందకపోవుట అను కారణమును తొలగించుట అన్నిటికంటె చౌక. దానికి కావలసినది ఒక చిన్న బీరువా, ఒక నోటుపుస్తకము, కొంత తెలివి.

ఆ ఏర్పాటు ఏమనగా, మందుల నిల్వను రెండుగా విభజించుట. పెద్ద నిల్వ మందుల గదిలో ఫార్మసిస్టు తాళము క్రింద ఉండును. రాత్రికి కావలసిన కొలదిపాటి మందులు నర్సుల గదిలోనో ప్రసవపు గది ప్రక్కనో వేరొక చిన్న బీరువాలో ఉండును. దీనిని రాత్రిబీరువా అందము. పెద్దగదిని రాత్రి ఎవరును తెరువవలసిన పనియే లేకుండ చేయుట దీని ఉద్దేశము. రాత్రిబీరువాలో ఏమేమి ఉండవలెనో వైద్యాధికారి, ఫార్మసిస్టు, నర్సు మువ్వురును కూర్చుండి వ్రాసి, ఆ పట్టికను బీరువా తలుపు లోపలివైపున అంటింపవలెను. పట్టిక ఎంత చిన్నదైన అంత మేలు. అన్ని మందులను చేర్చినచో అది రెండవ మందుల గది యగును, మొదటి చిక్కులన్నియు దానితో వచ్చును.

మరి ఒక్కొక్క మందు ఎంత ఉండవలెను? ఇచ్చటనే చాలమంది పొరపాటు పడుదురు. ప్రతి మందును రెండేసి ఉంచి, అన్నియు ఉన్నవని తృప్తిపడుదురు. పాము విషమునకు విరుగుడు తొలి మోతాదే సుమారు పది చిన్నసీసాలు. పిల్లవానికైనను పెద్దవానికైనను మోతాదు ఒక్కటే, ఏలననగా కరచిన పాము వయస్సు చూచి విషమును తగ్గించి ఎక్కింపదు. రెండు సీసాలుంచిన బీరువా పాముకాటు విషయమున ఖాళీ బీరువాతో సమానము. దాని ప్రక్కన అడ్రినలిను కూడ ఉండవలెను. విరుగుడు పడని దేహము కొన్నిటికి ఒక్కసారిగా ఊపిరాడకపోవును, అప్పుడు దానిని వెదకుటకు వ్యవధి ఉండదు. పురుగుమందు త్రాగినవానికి వేయు అట్రోపిను ఆంప్యూలు ఒక్కటి 0.6 మిల్లీగ్రాములు. తొలి మోతాదునకే మూడు మొదలు ఐదు వరకు కావలెను. ఫలితము కనబడనిచో ఐదు నిమిషములకొకసారి రెట్టింపు చేయుచు పోవుదురు. గుర్రపువాతముతో కొట్టుకొను గర్భిణిని పెద్ద ఆసుపత్రికి పంపుటకు ముందు రెండు పిరుదులకును కలిపి వేయు మెగ్నీషియము సల్ఫేటు పది గ్రాములు, అనగా గ్రాము ఆంప్యూళ్లు పది. అది మితిమీరినచో విరుగుడైన కాల్షియము గ్లూకొనేటు దానితోడనే ఉండవలెను. కావున రాత్రిబీరువాకు కొలత మందుల సంఖ్య కాదు, ఒక రోగికి పట్టు మోతాదు. ఒక రోగిని పంపునంతవరకైనను, అట్టి రెండవ రోగి వచ్చినచో తొలి మోతాదు వేయుటకైనను సరిపడునంత ఉండవలెను.

ఇక తాళపుచెవి. అది రాత్రి పనిలోనున్న నర్సు దేహముననే ఉండవలెను. గడియారము వెనుక, సొరుగులో, క్యాలెండరు మేకునకు, పూలకుండీ క్రింద ఉంచిన చెవి రహస్యముగా ఉన్నదని అనుకొనువారు ఆ కేంద్రపు ఉద్యోగులు మాత్రమే. తక్కిన ఊరంతటికిని అది తెలిసియే యుండును. పని మారునప్పుడు పోవు నర్సు వచ్చు నర్సునకు చెవి నిచ్చుటకు ముందు ఇద్దరును కలిసి బీరువాలో మందులను లెక్కించి సంతకములు చేయవలెను. అయిదు నిమిషముల పని. ఇంటికి పోవు తొందరలో ఈ అయిదు నిమిషములను దాటవేసిన నాడు, ఆ పైన జరిగిన ప్రతి లోపమును ఎవరిదో తేల్చుట అసాధ్యమగును. పెద్దగది మారు తాళపుచెవిని కవరులో పెట్టి, అంటించి, అంటించిన చోట అడ్డముగా వైద్యాధికారి, ఫార్మసిస్టు సంతకములు చేసి, రాత్రిబీరువాలోనే ఉంచవలెను. రాత్రిబీరువాలో మందు చాలనప్పుడు ఆ కవరు చింపవచ్చును. చింపుటకు సంజాయిషీ అక్కరలేదు. చింపిన సంగతి, గంట, కారణము చిట్టాలో వ్రాసిన చాలును. పదునెనిమిది మైళ్లు పోవలసిన పని లేకుండ చేయునది ఆ కవరే.

చిట్టాను గూర్చి గ్రంథాలయ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. పుస్తకము ఎవరు తీసికొనిరి, ఎప్పుడు, ఎవరిచ్చిరి అను మూడు గళ్లు ఈ ఊరిలో పాతికేండ్లనుండి నిండుచున్నవి. మందుల చిట్టాకు మరికొన్ని గళ్లు కావలెను. రోగి పేరు, మందు పేరు, సీసాపై బ్యాచి సంఖ్య, ఎంత ఇచ్చిరి, ఎవరి ఆజ్ఞపై ఇచ్చిరి, ఎంత మిగిలినది. పుస్తకము తిరిగి వచ్చును, మందు రాదు. అందుచేత ఖాళీ ఆంప్యూళ్లను ఉదయమువరకు పారవేయక ఒక డబ్బాలో ఉంచవలెను. తిరిగి వచ్చునది అదియొక్కటే గదా. ఫోనులో వచ్చిన ఆజ్ఞను వినిన నర్సు, మందు పేరును మోతాదును తిరిగి వైద్యునికి చదివి వినిపింపవలెను. ప్రక్కన వేరొక ఉద్యోగి ఉన్నచో ఆ ఉద్యోగియు వినవలెను. మరునాడు వైద్యుడు ఆ పంక్తిపై సంతకము చేయవలెను. పదునైదుకును ఏబదికిని ఇంగ్లీషున మాట దగ్గర. తెగిపోవుచున్న ఫోనులో మరియు దగ్గర.

ఇప్పుడు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను మందుల నిల్వల లెక్క ‘ఈ-ఔషధి’ అను కంప్యూటరు పద్ధతిలో నడచుచున్నది. రాష్ట్ర గిడ్డంగిలో ఎంత, జిల్లాలో ఎంత, కేంద్రమునకు ఎంత పోయినది, దేనికి గడువు దగ్గరపడినది, అన్నియు అందులో కనబడును. మిక్కిలి ఉపయోగకరమైన పద్ధతి. కాని అర్ధరాత్రి రెండు గంటలకు ఏ చేయి ఏ సీసాను తీసినదో అది చెప్పజాలదు. దానికి నోటుపుస్తకమే శరణ్యము.

యంత్రమే కాపలా కాయును గదా, మనిషిపై ఆధారపడుట ఎందుకని తోచుట సహజము. ధనిక దేశముల ఆసుపత్రులలో అట్టి బీరువాలున్నవి. నర్సు తన గుర్తును చూపి, రోగి పేరు, మందు పేరు నొక్కినచో ఆ సొరుగొక్కటే తెరచుకొనును. అత్యవసరమున ఫార్మసిస్టు ఆమోదమునకై ఆగకుండ తీసికొనుటకు అందులో ఒక అడ్డదారి కూడ ఉంచిరి, ఉంచక తప్పదు. 2017 డిసెంబరులో అమెరికాలో టెనెసీ రాష్ట్రమున ఒక పెద్ద ఆసుపత్రిలో ఒక నర్సు, రోగికి కలత తగ్గించు మందు కొరకు దాని వ్యాపారనామములోని మొదటి రెండక్షరములను నొక్కినది. యంత్రము ఆ మందును శాస్త్రీయనామముతో ఎరుగును. అందుచేత అది కనబడలేదు. ఆమె అడ్డదారిని తెరచినది. ఆ రెండక్షరములతోనే మొదలగు వేరొక మందు వచ్చినది. అది కండరములను స్తంభింపజేసి ఊపిరి ఆపునది. ఆమె వెదకినది ద్రవము, వచ్చినది పొడి. పొడిని నీటితో కలుపవలసి వచ్చినప్పుడైనను అనుమానము తోచలేదు. 75 ఏండ్ల రోగి చనిపోయినది. 2022లో న్యాయస్థానము నర్సును దోషిగా నిర్ణయించి, మూడేండ్లు ప్రొబేషనుపై విడిచినది. ఆ తీర్పు మంచిదా చెడ్డదా యని ఆ దేశపు నర్సులలో పెద్ద వాదము నడచినది. పల్లె కేంద్రమునకు ఇందులో కావలసినది ఇంతే: బీరువా ఎవరికి తెరచుకొన్నదో యంత్రము చూచినది గాని, ఏ మందు బయటికి వచ్చినదో కంటితో చదువవలసిన పని మనిషిదే.

ఆ చదువుట అనునది రాత్రివేళ సులభము కాదు. ఆంప్యూలుపై అక్షరములు చీమతలలంత. కరెంటు పోవును. కావున రాత్రిబీరువాలో మందులతోపాటు ఒక టార్చిలైటు ఉండవలెను, దాని బ్యాటరీలను కూడ ఆ లెక్కలోనే చూడవలెను. ఒకదానినొకటి పోలిన ఆంప్యూళ్లను ప్రక్కప్రక్కన ఉంచరాదు. పొటాషియము క్లోరైడు చిక్కని ద్రావణము పరిశుభ్రజలమువలెనే తెల్లని గాజు గొట్టములో నీటివలెనే ఉండును. పొరపాటున దానిని నేరుగా నరమునకు ఎక్కించినచో గుండె ఆగును. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల రక్షణకై తొమ్మిది సూచనలు చేసినప్పుడు ఇట్టి చిక్కని ద్రావణములను అదుపులో ఉంచుమనుట వానిలో ఒకటి. ప్రాథమిక కేంద్రపు రాత్రిబీరువాలో దానికి స్థానమే లేదు.

అన్నిటికంటె కష్టమైనది వేరొకటి కలదు. అది నర్సు భయము. ఆంప్యూలు చేయి జారి పగులును. మోతాదులో సగము వాడి సగము పారబోయవలసి వచ్చును. తొందరలో రెండు పంక్తులు వ్రాయుట మరచును. ఉదయమున లెక్క ఒకటి తక్కువ వచ్చును. ఆ ఒక్కదానికి జీతములో కోయుదురనియో, నలుగురిలో దొంగయని చూతురనియో ఆమె భయపడినచో రెండింటిలో ఒకటి జరుగును. పగిలినదానిని ఎవరో లేని రోగి పేర వ్రాయును. లేక, తరువాతి రాత్రి బీరువా తెరచుటకే జంకి, రోగిని మందు వేయకయే అంబులెన్సు ఎక్కించి పంపివేయును. రెండవది మొదటిదానికంటె ఘోరము. మొదటిది చిట్టాను అబద్ధము చేయును. రెండవది చిట్టాను నిర్దోషముగా ఉంచును, రోగి దారిలో పోవును. పగిలినది, ఒలికినది, పారబోసినది వ్రాయుటకు చిట్టాలో ఒక గడి వేరుగా ఉండవలెను. ఆ గడి నిండినందుకు ఎవరిని కోపింపరాదు. ఒక్కటి పోయినందుకు గద్దించు అధికారికి నెలాఖరున ఒక్కటియు పోని చిట్టా దొరకును. దానిని నమ్మినవాడు అమాయకుడు. అయితే ఒకే మందు, ఒకే వారపు రాత్రులలో, మాటిమాటికి పగులుచున్నచో అప్పుడు అడుగవలసినదే. మాటిమాటికి అన్న సంగతి తెలియుటకైనను ముందటి పంక్తులు నిజమై యుండవలెను గదా.

తాళము గట్టిదైనకొలది మేలను భ్రమ ఒక్క ఊరి కేంద్రమునకే పరిమితము కాదు. 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. నల్లమందు వ్యాపారమును అణచుట దాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని మార్ఫినును ఆసుపత్రిలో ఉంచుకొనుటకు ఇన్ని కార్యాలయముల అనుమతి కావలసి వచ్చినదనగా, పెక్కు ఆసుపత్రులు దానిని ఉంచుటయే మానుకొన్నవి. దేశమున వైద్యమునకు వాడు మార్ఫిను మిక్కిలి తగ్గిపోయినది. గంజాయి, కల్తీసారాల మాట ఎట్లున్నను, కేన్సరు రోగులు మాత్రము నొప్పితో చనిపోయిరి. మూడు దశాబ్దముల తరువాత 2014లో చట్టమును సవరించి, మార్ఫిను మొదలగు కొన్ని మందులను అత్యావశ్యక మందులుగా ఎంచి, గుర్తింపుపొందిన ఆసుపత్రులు వానిని సులభముగా పొందుటకు వీలు కల్పించిరి. ఆ సవరణతో తాళము తీసివేయలేదు, చెవిని దగ్గరకు తెచ్చిరి.

శీతలమున ఉంచవలసిన మందులకు మరియొక చిక్కు. టీకాలు 2 మొదలు 8 డిగ్రీల మధ్య ఉండవలెను. వేడి తగిలినను చెడును, గడ్డకట్టినచో కొన్ని టీకాలు అంతకంటె త్వరగా చెడును. ఆక్సిటోసినుకును చల్లదనము కావలెను. రిఫ్రిజిరేటరునకు తాళము వేసినచో ప్రసవపు గదినుండి పరుగెత్తిన నర్సునకు ఆ తాళము అడ్డు. తాళము లేనిచో మంచినీళ్ల సీసాలు, మజ్జిగ చెంబు లోనికి వచ్చును. తలుపు తెరచుచు మూయుచు చల్లదనము పోవును. దీనికి సులభోపాయము రిఫ్రిజిరేటరు చెవిని రాత్రిబీరువా చెవితో ఒకే గొలుసునకు వేయుటయే.

ఊరివారికిని ఇందులో భాగమున్నది. తలనొప్పి మాత్ర కొరకు, దగ్గుమందు కొరకు రాత్రి పదునొకండు గంటలకు పోయి, పలుకుబడి చూపి, మందుల గది తెరువుమని నర్సును పీడించు పెద్దమనుష్యులు ప్రతి ఊరిలోను కొందరుందురు. పేరు చెప్పనక్కరలేదు, ఈ సభలో ఎవరును లేరనియే నమ్మవచ్చును. ఫార్మసిస్టు పగటివేళనే జ్వరపు మాత్రలు, విరేచనములకు ఉప్పు-పంచదార పొడి, జింకు మాత్రలు రెండు పూటలకు సరిపడునట్లు పొట్లములు కట్టి, పైన మందు పేరు, గడువు తేదీ తెలుగులో వ్రాసి, చదువురానివారికై సూర్యుని బొమ్మ చంద్రుని బొమ్మ వేసి రాత్రిబీరువాలో ఉంచవచ్చును. ఫోనులో వైద్యుని అడిగి నర్సు అట్టి పొట్లము నొకటి ఇచ్చును. అది పోవుటకు ముందే చేసి పోవు పర్యవేక్షణ. రెండు పూటల తరువాత రోగి పగటివేళ వచ్చి చూపించుకొనవలెను. పొట్లము చాలదని కోపపడరాదు.

ఆసుపత్రి అభివృద్ధి సంఘములున్నచోట ఊరివారికి మాట చెల్లును. గోడకు సున్నము, గేటునకు రంగు మంచివే. వాటితోపాటు తలుపు సరిగా పడు ఒక చిన్న ఇనుప బీరువా, రెండు చెవుల తాళమొకటి, గళ్లు గీసిన దళసరి నోటుపుస్తకము, టార్చిలైటు అడుగవచ్చును. వీటి వెల గేటు రంగుకంటె ఎక్కువ కాదు. బీరువా ఎండపడు గోడకు చేరవేయక, రేకుల కప్పు క్రింద పెట్టక, నర్సు కూర్చుండుచోటునుండి కనబడునట్లు పెట్టింపవలెను.

ఉదయమున ఫార్మసిస్టు వచ్చినతోడనే మొదట తెరువవలసినది చీటీల కిటికీ కాదు, రాత్రిబీరువా. బయట వరుసలో నిలిచినవారు ఒక పావుగంట విసుగుకొందురు. విసుగుకొననిండు. నర్సు ఇంటికి పోవుటకు ముందు ఇద్దరును చిట్టాను, ఖాళీ సీసాల డబ్బాను, మిగిలిన మందులను ఒకదానితో నొకటి సరిచూచుకొందురు. విరుగుడు సీసాలు పది పోయినచో పది ఖాళీసీసాలు డబ్బాలో ఉండవలెను, రోగి పేరు పంక్తిలో ఉండవలెను. కవరు చిరిగినచో కొత్త కవరు, కొత్త సంతకములు. అటుపిమ్మట పెద్దగదినుండి పది కొత్త సీసాలు, గడువు ముందుగా తీరునవి ముందువైపునకు వచ్చునట్లు, రాత్రిబీరువాలోనికి చేరును. చీకటిపడుటకు ముందు, ఇంటికి పోవునప్పుడు, తలుపు లోపలి పట్టికను మరల ఒకసారి చదివి, ఫార్మసిస్టు ఆ చెవిని రాత్రి నర్సు చేతిలో పెట్టి పోవును.